పువ్వు రాకపోయినా దుంప ఊరుతుంది

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒడిశాలోని గుణుపూర్. అద్దె ఇల్లే అయినా డాబా మాకే వదిలారు. వంటింట్లో మొలకలొచ్చిన బంగాళాదుంపలు పారేయడం ఎందుకని నవంబరు 12న ఏడింట్లో పెట్టాను. నాలుగు గ్రో బ్యాగులు, రెండు బియ్యం బస్తాలు, ఒక ఇరవై లీటర్ల పెయింటు డబ్బా. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. ఈ రోజు జనవరి 1, ఇంతవరకూ ఒక్క పువ్వు లేదు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) వాళ్లది కొండ మీది సెమిలిగుడ. పువ్వు రాలితే తప్ప దుంప తవ్వకూడదంటుంది. మా అత్తయ్యగారేమో సంక్రాంతికి ఇంటి దుంపలే వండాలంటున్నారు. పెయింటు డబ్బాలో మొక్క పసుపు తిరిగింది. ఒక బస్తాలో దుంప ఒకటి మట్టి పైకి తేలి ఆకుపచ్చగా కనిపిస్తోంది. తొందరపడితే గోళీలంతవి వస్తాయేమో, ఆలస్యం చేస్తే కుళ్లిపోతాయేమో. ఏది చూసి తవ్వాలి? తవ్వాక ఆ మట్టిలో ఇంకేం వేసుకోవచ్చు?

సమాధానం: అమ్మా, ముందు పువ్వు సంగతి తేల్చేద్దాం. మీ టెన్షన్ సగం అక్కడే ఉంది. బంగాళాదుంప మొక్క పువ్వు పూసి తీరాలన్న నియమం ఏదీ లేదు. మనం తినే దుంప మొక్క వేరు నుంచి రాదు. కాండం అడుగు నుంచి మట్టిలోనే పక్కలకు తెల్లటి కొమ్మలు సాగుతాయి, వాటి చివర ఊరేదే దుంప. పగటి పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడితే ఆకు తయారుచేసిన పిండి పదార్థం ఆ కొమ్మల చివరకు దిగడం మొదలవుతుంది. పువ్వు బాగా రావాలంటే మాత్రం పగటి పొద్దు ఎక్కువగా ఉండాలి, గాలి చల్లగా ఉండాలి. చలికాలం పంటకు ఈ రెండూ కలిసి దొరకవు కాబట్టి మన పల్లపు ఊళ్లలో చాలా రకాలు అసలు పూయవు, లేదా నాలుగు మొగ్గలు వేసి రాల్చేస్తాయి. కింద దుంప మాత్రం తన పాటికి తను ఊరుతూనే ఉంటుంది.

అలాగని మీ మావుసి మాట తీసిపారేయకండి. సెమిలిగుడ, పొట్టంగి వైపు కోరాపుట్ కొండల మీద బంగాళాదుంపను వానాకాలంలో కూడా వేస్తారు. జూన్, జూలై నెలల్లో పగటి పొద్దు ఎక్కువ, ఆ ఎత్తులో గాలి చల్లన. అక్కడ మళ్లు మళ్లే పూస్తాయి. పువ్వు రాలడాన్ని గుర్తుగా పెట్టుకోవడం ఆ ఊరి పంటకు సరిపోయే పద్ధతే. వంశధార ఒడ్డున, జనవరిలో, డాబా మీద పెరిగే మొక్కకు ఆ గుర్తు అందదు. మావుసితో ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆవిడ కొండ మీద చూసిందీ నిజమే, మీరు డాబా మీద చూస్తున్నదీ నిజమే.

ఒకవేళ ఏ బస్తాలోనైనా పూసి, పువ్వు రాలాక చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలు కడితే వెంటనే తుంచి పారేయండి. అవి విషం. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

ఇక ఏది చూసి తవ్వాలంటే మూడు చూడాలి. రోజులు, ఆకులు, దుంప తొక్క. మూడింట్లో రోజుల లెక్క అన్నిటికంటే బలహీనమైనది. అయినా మనమందరం దాన్నే పట్టుకుంటాం.

రోజులు ఎందుకు బలహీనమంటే, మీరు పెట్టింది ఏ రకమో మీకు తెలియదు. దుకాణంలో కొన్న దుంప మీద పేరు రాసి ఉండదు కదా. మన దేశంలో పండే పేరున్న రకాలు చాలావాటికి ముందు కుఫ్రీ అనే మాట ఉంటుంది. సిమ్లా దగ్గరి ఊరి పేరు అది, కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఉన్నది సిమ్లాలో. వాటిలో కుఫ్రీ పుఖ్‌రాజ్ 70 నుంచి 90 రోజుల్లో వచ్చేస్తుంది. చంద్రముఖికి 80 నుంచి 90 రోజులు కావాలి. బెంగాల్ నుంచి మన వైపు దిగే సరుకులో ఎక్కువగా కనిపించే జ్యోతికి 90 నుంచి 110 దాకా పడుతుంది. ఎర్ర తొక్క సింధూరి అయితే 110 నుంచి 120. మీరు పెట్టిన దుంపల తొక్క ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా, పసుపు పచ్చగా ఉందా గుర్తు తెచ్చుకోండి. ఎర్రగా ఉంటే ఇంకా చాలా ఓపిక పట్టాలి. పసుపు తొక్క, లోపల కూడా లేత పసుపు ఉన్నదైతే త్వరగా వచ్చే పుఖ్‌రాజ్ కావచ్చు. తెల్లటి, కోలగా ఉండే దుంపైతే జ్యోతి అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

మీ నవంబరు 12 నుంచి లెక్కపెడితే సంక్రాంతి ముందు రోజుకు, అంటే జనవరి 13కి, 62 రోజులు. జనవరి 31కి 80. ఫిబ్రవరి 10కి 90, ఫిబ్రవరి 20కి 100. మీరు మొలక వచ్చిన దుంపలు పెట్టారు కాబట్టి మట్టిలోంచి త్వరగా పైకి వచ్చి ఉంటాయి, అది మీకు కలిసొచ్చింది. కళ్లు మూసుకుని ఉన్న దుంప పెడితే పైకి రావడానికే రెండు మూడు వారాలు తినేస్తుంది. ఒకే రోజు నాటిన ఏడింట్లోనూ తేడాలు రావడానికి ఇదీ ఒక కారణం. ఈ తేదీలను క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వాటిని చూసి తవ్వడానికి కాదు, ఆ రోజుల్లో డాబా మీదికి వెళ్లి ఆకులూ తొక్కా జాగ్రత్తగా చూడటానికి.

ఇప్పుడు ఆకులు. పండిన మొక్క పసుపు కింది నుంచి మొదలవుతుంది. అడుగు ఆకులు ముందు, తర్వాత మధ్యవి, చివరికి కొన. మచ్చలు లేకుండా అంతటా ఒకే తీరుగా రంగు తగ్గుతుంది. అప్పటిదాకా నిటారుగా నిలబడ్డ కాడలు మెత్తబడి బస్తా అంచు మీద వాలిపోతాయి. ఇది 75, 80 రోజులు దాటాక జరిగితే మొక్క తన పని ముగించుకుంటోందని అర్థం. ఆకులు సగానికి పైగా పసుపు తిరిగాక నీళ్లు బాగా తగ్గించండి. తవ్వడానికి పది రోజుల ముందు పూర్తిగా ఆపేయండి. కాడలు ఎండాక మట్టి మట్టంలో కత్తెరతో కోసేసి, దుంపలను మట్టిలోనే ఇంకో పది, పదిహేను రోజులు వదలండి. ఆ రోజుల్లో దుంప పెరగదు, తొక్క మాత్రం గట్టిపడుతుంది. నిల్వ పెట్టుకోదలచిన వాళ్లకు ఈ పది పదిహేను రోజులే ప్రాణం. డాబా మీద ఎండ నేరుగా బస్తాకు తగులుతుంటే గోనె పట్టా ఒకటి చుట్టండి. నల్ల గ్రో బ్యాగులు ఎండకు బాగా కాగుతాయి. వాటిని గోడ నీడకు జరపగలిగితే ఇంకా మంచిది.

మన వాళ్లు చాలామంది ఈ చివరి నెలలో ఇంకో గుప్పెడు యూరియా వేస్తే దుంప లావెక్కుతుందనుకుంటారు. వద్దు. జీవామృతం, పేడ నీళ్లు కూడా ఇక ఆపేయండి. ఆలస్యంగా నత్రజని అందితే మొక్క మళ్లీ ఆకు వేయడానికి ఉబలాటపడుతుంది, పండటం వెనక్కి పోతుంది, తొక్క పలచగా మిగులుతుంది.

అన్నిటికంటే నమ్మదగింది మాత్రం మీ బొటనవేలు. సాయంత్రం పూట ఒక గ్రో బ్యాగు దగ్గర కూర్చోండి. మొక్క మొదలు దగ్గర కెలకవద్దు. సంచి గోడ వెంబడి అరచేతిని నిలువుగా మట్టిలోకి నెమ్మదిగా దింపండి. జానెడు లోతు లోపే వేళ్లకు గుండ్రంగా ఏదో తగులుతుంది. చుట్టూ మట్టి వదులు చేసి ఆ ఒక్క దుంపను మెలితిప్పి తీయండి. పక్కనున్న తెల్లటి దారాల్లాంటి కొమ్మలను లాగకండి, వాటి చివర ఇంకా ఊరుతున్నవి ఉంటాయి. తీసిన దుంపను కడగకుండా మట్టి తుడిచి, బొటనవేలితో పక్కకు గట్టిగా రుద్దండి. తొక్క పొరలా జారి కింద తడి తడిగా లేత కండ బయటపడితే అది ఇంకా లేతది. ఎంత రుద్దినా మట్టి మాత్రమే పోయి తొక్క కదలకపోతే పండినట్టే. ఆకు మనల్ని మోసం చేయవచ్చు, తొక్క చేయదు. చూశాక మట్టి మళ్లీ కప్పేసి పైన కాసిని నీళ్లు చల్లితే మొక్కకు ఏమీ కాదు.

బియ్యం బస్తాలకు ఇంకో సౌకర్యం ఉంది. అడుగు నుంచి జానెడు ఎత్తులో బ్లేడుతో మూడు వైపులా కోసి చిన్న తలుపులా చేయండి. దాన్ని ఎత్తి లోపల చూసుకోవచ్చు, పెద్దది కనిపిస్తే తీసుకుని మట్టి వెనక్కి నొక్కి పిన్నీసులతో మూసేయవచ్చు. పొలంలో రైతుకు ఈ అవకాశం లేదు. ఒక మడి తవ్వితే మడి మొత్తం తవ్వినట్టే. మీకు ఏడు బస్తాలంటే ఏడు వేర్వేరు మళ్లు. అన్నింటినీ ఒకే రోజు బోర్లించాలని ఎందుకనుకోవడం? ఒకటి లేతగా తినండి, ఒకటి పక్వానికి రానివ్వండి, రెండు నిల్వకు ఉంచండి. బస్తాల్లో పండించుకోవడంలో అన్నిటికంటే పెద్ద లాభం నాకు ఇదే అనిపిస్తుంది. తొందరా ఆలస్యమూ అనే రెండు భయాలూ దీనితోనే పోతాయి.

కాబట్టి అత్తయ్యగారి కోరిక తీరుతుంది. సంక్రాంతికి లేత దుంపలు తీసుకోవచ్చు. 60 రోజులు దాటిన మొక్క కింద కోడిగుడ్డంత దుంపలు కొన్నైనా ఉండే అవకాశం బాగా ఉంది. లేత దుంపకు తొక్క తీయనక్కర్లేదు. కడిగేటప్పుడు సగం తొక్క చేతికే వచ్చేస్తుంది. ఆవాలు, ఎండుమిర్చి పోపులో వేసి మూతపెట్టి మగ్గిస్తే ఆ రుచి కోల్డ్ స్టోరేజీ దుంపకు రాదు. ఒకటే షరతు, అవి నిల్వ ఉండవు. తీసిన రెండు మూడు రోజుల్లో వండేయాలి.

ఏ మొక్క నుంచి తీయాలంటే, ముందు ఆ పెయింటు డబ్బా చూడండి. యాభై రోజులకే పసుపు తిరిగిందంటే అది పండటం కాదు, అంత త్వరగా పండే రకం మన బజారులో దొరకదు. డబ్బాకు అడుగున ఎన్ని రంధ్రాలు పెట్టారు? ఒకటో రెండో పెట్టి ఉంటే కారణం దాదాపు అదే. ప్లాస్టిక్ గోడ గాలి ఆడనివ్వదు, నీరు దిగదు, వేళ్లకు ఊపిరి అందదు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. బురదగా తగిలి, మురుగు వాసన వస్తే ఆలోచించకుండా ఈ రోజే బోర్లించేయండి. చెడకుండా మిగిలిన దుంపలు ఎన్ని ఉంటే అన్ని దక్కించుకోవచ్చు. ఒక్క దుంప మెత్తబడినా, దాన్ని ఆనుకుని ఉన్నవాటినీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. వాసన లేకుండా తడి మాత్రమే ఎక్కువగా ఉంటే, ఇనుప చువ్వ కాల్చి డబ్బా అడుగునా, అడుగుకు రెండంగుళాల పైన పక్కలకూ ఎనిమిది, పది రంధ్రాలు పెట్టండి. పై మట్టి రెండంగుళాలు ఎండేదాకా నీళ్లు పోయకండి. మొక్క తేరుకోకపోయినా సంక్రాంతి వరకూ నిలబడితే చాలు. అత్తయ్యగారి పండగ కూరకు ఆ డబ్బానే బోర్లించండి. బాగున్న ఆరింటినీ ముట్టుకోనక్కర్లేదు.

డబ్బాలో తడి మామూలుగానే ఉందనుకోండి, అప్పుడు పసుపు ఎలా ఉందో దగ్గరగా చూడాలి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే పండిన పసుపుకీ జబ్బు పసుపుకీ తేడా తెలియకే చాలామంది బస్తాలు ముందే తవ్వేసి నష్టపోతారు. అడుగు ఆకులు మాత్రం వెలిసిపోయి, మచ్చల్లేకుండా ఉంటే ఆకలి. చిన్న డబ్బాలో మట్టి సారం త్వరగా అయిపోతుంది. యాభై రోజుల దగ్గర ఉన్నారు కాబట్టి ఒక్కసారికి గుప్పెడు వర్మికంపోస్టు వేయవచ్చు, తర్వాత మళ్లీ వద్దు. ఆకుల అంచున నీళ్లు తగిలి కమిలినట్టు నల్లటి మచ్చలు పడి, పొగమంచు ఉన్న తెల్లవారుజామున ఆకు తిరగేస్తే మచ్చ చుట్టూ తెల్లటి బూజు కనిపిస్తే అది ఆకుమాడు తెగులు. చలి, మంచు కలిసిన రోజుల్లో అది చాలా వేగంగా పాకుతుంది. అలా కనిపిస్తే ఆ మొక్క కాడలన్నీ మట్టి మట్టంలో కోసేసి, సంచిలో మూటగట్టి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. నీళ్లు ఆపేయండి. దుంపలను మాత్రం వెంటనే తవ్వకండి. తెగులు బీజాలు మట్టి పైన రాలి ఉంటాయి, తవ్వేటప్పుడు అవి లేత తొక్కకు అంటుకుంటాయి. రెండు వారాలు ఆగితే అవి చస్తాయి, తొక్కా గట్టిపడుతుంది.

ఇంకో రకం ఉంది. ఆకు పచ్చగానే ఉంటుంది, మధ్యాహ్నం మొక్క మొత్తం వాడి వేలాడుతుంది, నీళ్లు పోసినా మర్నాటికి లేవదు. ఈ వాడు తెగులు మన వంగ, టమాటా తోటల్లోనూ చూస్తాం. ఒక కాడ కోసి గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో తగిలేలా కదలకుండా పట్టుకోండి. కాసేపటికి కొన నుంచి పాలలాంటి తెల్లటి పోగు కిందికి దిగుతుంటే అదే. ఆ బస్తా దుంపలను కోసి చూస్తే లోపల గోధుమ రంగు వలయం కనిపిస్తుంది, నొక్కితే జిగురు వస్తుంది. అవి వండకండి. ఆ మట్టిని మిగతా బస్తాల్లో కలపకండి. అదే కత్తెరతో ఇంకో మొక్కను కోయకండి.

ఆకుపచ్చ దుంప సంగతి. వెలుతురు తగిలిన దుంపలో ఆకుపచ్చ రంగుతో పాటు సొలనిన్ అనే విష పదార్థం పెరుగుతుంది. ఉడికించినా, వేయించినా పోదు. చేదుగా ఉంటుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. మీ బస్తాలో పైకి తేలిన దుంప మీద ఈ రోజే రెండు మూడు అంగుళాల మట్టి గానీ, ఎండిన ఆకులు గానీ కప్పండి. దాని కింద ఉన్నవాటికి వెలుతురు తగలకుండా ఉంటుంది. తేలినది మాత్రం తవ్వే రోజున పక్కన పెట్టేయండి, మళ్లీ మట్టి కప్పినంత మాత్రాన అది తినడానికి పనికిరాదు. అన్ని బస్తాల్లోనూ వారానికోసారి పై మట్టి తడిమి చూడండి. నీళ్లు పోసేటప్పుడు మట్టి కుంగి దుంపలు బయటపడుతుంటాయి. మగ్గుతో గుమ్మరించకుండా చేత్తో చిలకరిస్తే ఈ బాధ తగ్గుతుంది.

ఇక ఆలస్యం భయం. దీనికి గుణుపూర్‌లో గట్టి కారణమే ఉంది. దుంప బాగా ఊరడానికి రాత్రి వేడి 20 డిగ్రీల లోపు ఉండాలి. సెమిలిగుడలో ఫిబ్రవరి అంతా ఆ చలి దొరకవచ్చు. రాయగడలో కొంత దొరుకుతుంది. మీ ఊరు పల్లంలో ఉంది, మాఘం వచ్చేసరికి పగలు డాబా కాలడం మొదలవుతుంది. మట్టి వేడెక్కాక దుంప ఊరడం ఆగిపోతుంది. ఆ వేడిలో నీళ్లు పోస్తూ ఉంటే దుంప ఒక పక్క నుంచి మళ్లీ బుడిపెలు వేస్తుంది, కొన్ని పగులుతాయి, కొన్ని కుళ్లుతాయి. కాబట్టి జ్యోతి రకమే అనుకున్నా మొక్క పచ్చగా ఉందని ఫిబ్రవరి మూడో వారం దాటి ఎదురుచూడటం మీకు అనవసరం. ఆ వారానికి కాడలు కోసేసి, పది రోజులు ఆగి తవ్వేయండి. పర్లాకిమిడిలో నేను పాటించేది ఇదే. కొండ మీద ఉన్న పాఠకులు, ముఖ్యంగా కోరాపుట్, జయపురం వైపు వాళ్లు, ఈ తేదీని తమకు అన్వయించుకోవద్దు. వాళ్లు ఆకును, తొక్కను చూసుకుంటే చాలు.

తవ్వే రోజు ఎండ లేని వేళ పెట్టుకోండి. పాత చీరో టార్పాలినో పరిచి బస్తాను పక్కకు వంచి మట్టిని మెల్లగా జార్చండి. పారలు, గునపాలు వద్దు, చేతులు చాలు. గీత పడిన దుంప నిల్వలో ముందు కుళ్లుతుంది. మధ్యలో ముడతలు పడి మెత్తగా ఉన్న దుంప ఒకటి కనిపిస్తే భయపడకండి, మీరు నాటిన తల్లి దుంప అది. తీసి పారేయండి. బియ్యం బస్తాను పైదాకా నింపారు కదా, అందులో పై నుంచి కింది దాకా దుంపలే ఉంటాయని ఆశ పెట్టుకోకండి. త్వరగా, మధ్యస్థంగా పండే రకాలు విత్తనం పెట్టిన చోటికి కొంచెం పైన, పక్కలకే కాస్తాయి. ఎత్తుగా మట్టి పోస్తే అంతస్తులు అంతస్తులుగా దుంపలు రావు. ఒక మొక్కకు అర కిలో వస్తే మంచి పంటే. కిలో వస్తే నలుగురికి చూపించుకోవచ్చు.

దిగుబడి తక్కువని చిన్నబుచ్చుకోవద్దు. 2024లో బెంగాల్ తమ దుంపల లారీలను సరిహద్దులో ఆపినప్పుడు ఒడిశా అంతా ధర ఎలా ఎగబాకిందో మీకూ గుర్తుండే ఉంటుంది. మన రాష్ట్రానికి దుంప ఎక్కువగా బయటి నుంచే వస్తోంది. డాబా మీది ఏడు బస్తాలు ఆ లోటు తీర్చవు, కానీ రెండు మూడు వారాల కూర ఇంట్లోంచే వస్తుంది. పండించడం నేర్చుకున్న చేయి మళ్లీ మర్చిపోదు కూడా.

నిల్వకు ఉంచేవి కడగవద్దు. మట్టి ఆరాక చేత్తో రాల్చి, గాలి ఆడే చీకటి గదిలో ఒక వరసగా పది రోజులు పరచండి. చిన్న గీతలు ఆ రోజుల్లో మానిపోతాయి. తర్వాత వెదురు బుట్టలో గానీ గోనె సంచిలో గానీ వేసి చీకట్లో ఉంచండి. పాలిథీన్ కవరు వద్దు, చెమట పట్టి కుళ్లుతాయి. ఫ్రిజ్ కూడా వద్దు. ఆ చలికి పిండి చక్కెరగా మారి దుంప తియ్యబడుతుంది, వేపుడు నల్లబడుతుంది. వేసవి దగ్గర పడే కొద్దీ దుంపను తొలిచే చిమ్మట పురుగు వస్తుంది, కళ్ల దగ్గర చిన్న రంధ్రం, నల్లటి రవ్వ కనిపిస్తే అదే. మధ్య మధ్యలో ఎండిన వేపాకు పరవడం మన పాత పద్ధతి, చేసి చూడండి. వారానికోసారి బుట్ట తిరగేసి మెత్తబడినవి ఏరేయండి. ఇంత చేసినా మన వేడిలో ఏప్రిల్ దాటి ఉంచాలనుకోవద్దు. వచ్చే నవంబరుకు విత్తనంగా దాచుకోవాలన్న ఆలోచన కూడా వదిలేయండి. విత్తన దుంప నిలవాలంటే కోల్డ్ స్టోరేజీ చలి కావాలి. అప్పటికి మళ్లీ కొత్తగా కొనండి. వీలైతే కూర దుంప కాకుండా పేరు చెప్పి అమ్మే విత్తన దుంప కొనండి. అప్పుడు రోజుల లెక్క కూడా మీ చేతిలో ఉంటుంది.

మట్టి గురించి అడిగారు. దాన్ని పారేయనక్కర్లేదు. చిన్న చిన్న దుంపలు లోపల మిగిలిపోతే అవి మళ్లీ మొలుస్తాయి, జబ్బులనూ మోస్తాయి, అందుకని వేళ్లతో బాగా వెతికి ఏరేయండి. మట్టిని పరిచి మూడు నాలుగు రోజులు మంచి ఎండలో తిరగేస్తూ ఆరనివ్వండి. తర్వాత మూడో వంతు పేడ ఎరువు కలపండి. ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప మాత్రం ఈ ఏడు వేయకండి, అవన్నీ బంగాళాదుంప కుటుంబమే, దాని జబ్బులు వాటికీ వస్తాయి. ఫిబ్రవరి చివర ఖాళీ అయ్యే బస్తాల్లో బెండ, తోటకూర, అలసంద వేసుకోండి. మూడూ మన వేసవిని తట్టుకుంటాయి. పెయింటు డబ్బా మట్టిలో మురుగు వాసన వచ్చి ఉంటే దాన్ని మిగతా వాటితో కలపకుండా విడిగా ఎక్కువ రోజులు ఎండబెట్టి, డబ్బాకు రంధ్రాలు పెట్టాకే మళ్లీ నింపండి.